చిలకకు వస పట్టిన రోజు

నా చిన్నప్పుడు మా ఇంట్లో తొమ్మిది నెలల పాటు మాటలు లేవు. జమ్మలమడుగులో పెన్నకు దగ్గరగా ఉండే ఒక వీధిలో మా ఇల్లు. మా నాయన ప్రాథమిక పాఠశాలలో పంతులు, ఊళ్ళో అందరూ అయివారూ అని పిలిచేవాళ్ళు. ఇంట్లో నాయన, అమ్మ, నేను, నా తర్వాత ఆరేళ్ళకు పుట్టిన తమ్ముడు. నాకు అప్పుడు తొమ్మిదేళ్ళు, వాడికి మూడు. ఆ ఎండాకాలం బావులన్నీ అడుగంటాయి. ఆడవాళ్ళంతా బిందెలు తీసుకుని పెన్న ఇసుకలో చెలమలు తవ్వి నీళ్ళు తెచ్చుకునేవాళ్ళు. ఇసుకలో మనిషి లోతు గుంత తీస్తే అడుగున ఊట వస్తుంది, దాన్ని గిన్నెతో తోడి బిందెలో పోసుకోవాలి. ఒక పొద్దున అమ్మ తమ్ముణ్ణి వెంటబెట్టుకుని ఏటికి పోయింది. పక్కన ఎవరో తవ్వి వదిలేసిన పాత చెలమలోకి వాడు ఆడుకోవడానికి దిగాడు. ఇసుక ఒరిగి వాడి మీద పడింది. నలుగురూ చేరి వాణ్ణి బయటికి తీసేసరికే అంతా అయిపోయింది.

ఆ రోజు నుంచి అమ్మ మాట్లాడలేదు. ఏడవనూ లేదు. వంటింటి గోడకు వీపు ఆనించి, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని కూర్చునేది. ముద్ద కలిపి చేతిలో పెడితే తినేది, పెట్టకపోతే అడిగేది కాదు. వచ్చినవాళ్ళు ఊరికే పోలేదు. చెవి దగ్గర గట్టిగా పిలిచినవాళ్ళు, ఏడిస్తే తగ్గుతుందని తొడపాశం పెట్టినవాళ్ళు, కళ్ళ ముందు చిటికెలు వేసినవాళ్ళు, అందరూ మంచికే చేశారు. నేనూ వాళ్ళలో ఒకదాన్నే. బడి నుంచి రాగానే ఎదురుగా నిలబడి అమ్మా, అమ్మా అని పిలిచేదాన్ని. పలకకపోతే నాకు ఒళ్ళు మండేది. దాచుకోవడం ఎందుకు, తమ్ముడు పోయాడన్న దుఃఖం కంటే అమ్మ మీద కోపమే నాకు ఎక్కువగా ఉండేది. నేను ఇంకా బతికే ఉన్నాను కదా, నాతో ఎందుకు మాట్లాడదు అని.

సజ్జ చేలు కంకి వేసే రోజుల్లో, నాయన దగ్గర చదివే ఒక పిల్ల తండ్రి, చేలో వలకు పడ్డ చిలకను గంప కింద పెట్టి తెచ్చి ఇచ్చాడు. ఎగరకుండా రెక్కలు కత్తిరించి ఉన్నాయి. ఇంట్లో ఒక గొంతు వినపడుతుందని నాయన ఆశపడ్డాడు. ఇనుప తీగల పంజరం కొనుక్కొచ్చి, నడవాలో దూలానికి వేలాడదీశాడు. అటూ ఇటూ తిరిగే వాళ్ళందరి తలలూ దానికి తగిలేంత దగ్గరగా ఉండేది ఆ పంజరం. మనిషి అలికిడి అయితే చాలు, ఆ పిట్ట పంజరమంతా కొట్టుకునేది. ముక్కు మీద తోలు లేచిపోయి నెత్తురు కారేది. వేసిన గింజలు కిందపడిపోయేవి. నేను పుల్ల పెట్టి పొడిచి, చెప్పు, అమ్మా అని చెప్పు అని దాని వెంటబడేదాన్ని. అది అమ్మా అంటే అమ్మ తలెత్తి చూస్తుందని నా లెక్క. ఎవరితోనూ అనలేదు గాని, నేను దాన్నే గట్టిగా నమ్ముకున్నాను.

అంతలో పులివెందుల నుంచి మా మేనత్త వచ్చింది. మా అమ్మను ఏరికోరి ఈ ఇంటికి కోడలిగా తెచ్చింది ఆమే. తమ్ముడు పోయినప్పటి నుంచి అమ్మ కోసం శనివారాలు ఒక్కపొద్దు ఉంటోంది కూడా. ప్రేమ లేక చేసిందని ఆమెను నేను ఎప్పుడూ అనలేను. వచ్చిన పూటే నాయనను పిలిచి, అమ్మ వింటూ ఉండగానే చెప్పింది.

"నాలుగు నెల్లాయె. ఇంగ ఎన్నాళ్ళు సూస్తాంటావురా? దీనికి ఏదో గాలి సోకినాది. వేంపల్లె అవతల వొదిలించేటాయన ఉండాడు. పెద్దల అమావాస్యకు నేనే వచ్చి పిల్చుకపోతా. ఆ లోపల ఒక్క మాట మాట్లాడిందా, సరే. లేకపోతే నువ్వు అడ్డం రావద్దు."

నాయన తల వంచుకున్నాడు. ఆ మనిషి దగ్గరికి పోయివచ్చిన వాళ్ళ సంగతి మా వీధిలో అందరికీ తెలుసు. స్తంభానికి కట్టేస్తారు, వేపమండలతో కొడతారు, మిరపకాయల పొగ పెడతారు. అమావాస్యకు ఇంకా మూడు వారాలుంది. ఆ మూడు వారాల్లో అమ్మ నోటి నుంచి ఒక్క మాట రావాలి. నాకు ఇంకేమీ అర్థం కాలేదు, అది మాత్రం అర్థమైంది.

మేనత్త తన వంతు ప్రయత్నం కూడా చేసింది. వస కొమ్ము మా వైపు పసిబిడ్డలున్న ప్రతి ఇంట్లో ఉండేదే. మాట తొందరగా రావాలని దాన్ని కాల్చి, సాన మీద అరగదీసి, తేనెలో కలిపి బిడ్డ నాలుకకు కాస్త రాస్తారు. గలగలా మాట్లాడే పిల్లలను వసపిట్టలు అంటాం. తమ్ముడికి పట్టిన వస కొమ్ము ఇంకా గూట్లోనే ఉంది. మేనత్త దాన్నే తీసి, వేలెడంత అరగదీసి, ఒక చేత్తో అమ్మ దవడలు నొక్కిపట్టి, ఇంకో చేత్తో నాలుక మీద పూసింది. అమ్మ ఎదురు తిరగలేదు. కాసేపటికి వాంతి చేసుకుంది. మేనత్త కళ్ళు తుడుచుకుంటూ అదంతా కడిగి, మరునాటి బస్సుకు పులివెందులకు పోయింది.

సాన మీద మిగిలిన వస నా కంటబడింది. అమ్మకు పనిచేయకపోతే పోయింది, పిట్టకు పనిచేస్తుందేమో అనుకున్నాను. తువ్వాలు తీసుకుని పంజరం తలుపు తెరిచి, చిలకను మూలకు తరిమి, తువ్వాల్లో చుట్టి పట్టుకున్నాను. దాని గుండె నా అరచేతిలో కొట్టుకుంటుంటే కూడా వదలలేదు. ముక్కు తెరిచి వస పూస్తుంటే అది నా చూపుడువేలిని ఎముక దాకా కొరికింది. నేను కేక పెట్టి విసిరేశాను. అది గోడకు కొట్టుకుని, రుబ్బురోలు పక్కన పడి, రెక్కలు చాచి నోరు తెరిచి అట్లాగే ఉండిపోయింది. వేలి నుంచి నెత్తురు ధారగా కారుతోంది. అమ్మ అదే గోడ దగ్గర కూర్చుని ఉంది. ఆమె చూపు నా మీద లేదు, పిట్ట మీద ఉంది.

నా కేక విని పక్కింటి బూబమ్మ గోడ దాటినంత పని చేసి వచ్చింది. వాళ్ళది తరతరాలుగా దూది ఏకి పరుపులు కుట్టే ఇల్లు. భర్త పోయాక, పాత పరుపులు విప్పి దూది బాగుచేసి మళ్ళీ కుట్టి ఇస్తూ ఒక్కతే బతికేది. తల మీద, కొంగు మీద ఎప్పుడూ దూది పోగులు ఉండేవి. మాట కటువు. ఆమెను చూస్తే వీధి పిల్లలమంతా పక్కకు తప్పుకునేవాళ్ళం. నా వేలికి కొంగు చించి కట్టింది గాని, నన్ను ఓదార్చలేదు. తువ్వాలు వైపు, సాన వైపు చూసి సంగతి తెలుసుకుంది.

"ఏంది మే ఈ పని? దానికి నాలిక లేక కాదు. నిన్ను సూస్తానే దానికి పానం పోతాంది. పానం పోయేటప్పుడు ఎవురన్నా మాట్లాడతారా?"

పిట్టను ఆమె పట్టుకోలేదు. పంజరాన్ని తెచ్చి, తలుపు తెరిచి, రుబ్బురోలు పక్కన నేల మీద పెట్టి, నన్ను అవతలికి పొమ్మంది. చాలాసేపటికి అది తనంతట తానే నడిచి లోపలికి పోయింది. తర్వాత బూబమ్మ పంజరాన్ని నడవాలో నుంచి తీసి, వంటింటి మూలలో రెండు గోడలు కలిసే చోట, నా తల ఎత్తున మేకుకు తగిలించింది. మూడు వైపులా పాత పరుపు గుడ్డ కప్పింది. వెనక నుంచి ఎవరూ రారని దానికి నమ్మకం కుదరాలని చెప్పింది. వాళ్ళ నాయన వల్లూరులో చిలకలు సాకేవాడట. ఆమెకు ఆ విద్య అక్కడిది.

మరునాటి నుంచి బూబమ్మ తన పని మా వంటింట్లోకి తెచ్చుకుంది. పాత పరుపు దూది ఒక గంపెడు నా ముందు పోసి, అందులో గింజలు, నలకలు, గట్టి ఉండలు ఏరమంది. పంజరానికి వీపు పెట్టి కూర్చోవాలి. తల తిప్పకూడదు.

"నువ్వు దాన్ని సూడగూడదు. అదే నిన్ను సూడల్ల. సూసి సూసి, ఈ పిల్లతో నాకేం బయం ల్యా అని అదే అనుకోవల్ల. అది నీ చేతిలో ఉండే పని కాదు మే."

వీపు తిప్పి కూర్చోవడం ఎంత కష్టమో నాకు ఆ రోజే తెలిసింది. మెడ నరాలు లాగేవి. వెనక చప్పుడైతే ప్రాణమంతా అటే పోయేది. మొదటి రోజు నాలుగుసార్లు తిరిగి చూశాను. తిరిగిన ప్రతిసారీ పిట్ట కొట్టుకుంది, బూబమ్మ సూది మొనతో నా మోకాలి మీద చిన్నగా గుచ్చింది. నాలుగో రోజుకు అది నా వెనక గింజ కొరుకుతున్న చప్పుడు విన్నాను. అంత చిన్న చప్పుడే అయినా, నా జీవితంలో ఇంకే చప్పుడూ నన్ను అంత సంతోషపెట్టలేదు.

తర్వాత సజ్జ కంకి. దాన్ని తీగల్లో గుచ్చి వెంటనే దూరం జరగాలి. రెండు రోజుల తర్వాత కంకి చివర పట్టుకుని నిలబడాలి, కళ్ళు మాత్రం నేల మీదే ఉండాలి. అది ఒక అడుగు వెనక్కి వేసేలోపలే నా చేయి వెనక్కి వచ్చేయాలి. బూబమ్మ అన్నిటికంటే ఎక్కువగా నేర్పింది అదే. దగ్గరికి పోవడం ఎవరికైనా చేతనవుతుంది, అది బెదిరే ముందే తప్పుకోవడం నేర్చుకో అనేది. ఒక్కోనాడు నా ఆత్రం ఆగక చేయి ఒక్క ఇంచి ఎక్కువ చాపేదాన్ని. అప్పుడు మూడు రోజుల పని పోయేది, మళ్ళీ మొదటి నుంచి వీపు తిప్పి కూర్చోవాల్సిందే. ఇది ఎప్పుడు మాట్లాడుతుందని ఒకసారి అడిగాను.

"ఇది మాట్లాడదు. పెద్దదయినాక పట్టినారు దీన్ని. దీని మాటలు దీనికి యాడనో చేలల్లోనే ఉండాయి. నీకు మాట కావల్నా, పిట్ట కావల్నా?"

నాకు ఏడుపొచ్చింది. నాకు కావాల్సింది మాటే. అమావాస్యకు పట్టుమని పది రోజులు లేవు.

అప్పుడు ఒకటి జరిగింది. నేను కూర్చునే చోటు అమ్మ కూర్చునే గోడకు దగ్గర. పంజరానికి వీపు పెడితే అమ్మకు కూడా నా వీపే కనపడేది. అమ్మను పిలవడం, ఎదురుగా నిలబడి చూడడం నేను ఆ పిట్ట గొడవలో పడి మానేసి రెండు వారాలైంది. ఒక మధ్యాహ్నం ఏరిన దూది కోసం పక్కకు చేయి చాస్తే, నేను ఏరినదానికంటే కుప్ప పెద్దదిగా ఉంది. తిరగబోయాను. బూబమ్మ కళ్ళతోనే వద్దంది. అమ్మ నా వెనక కూర్చుని దూదిలో గింజలు ఏరుతోంది. ఆ పూటంతా మేం ముగ్గురం అట్లాగే ఏరుకుంటూ కూర్చున్నాం. మరునాడూ అంతే. ఆ మరునాడు చిలక నా అరచేతిలో శనగబద్దలు తిన్నది. దాని నాలుక ఎండు చింతగింజలా గట్టిగా, వెచ్చగా తగిలింది. నేను అరవలేదు, ఎగరలేదు. అమ్మ కూడా చూస్తోందని నాకు తెలుసు.

నాయనకు చెప్పాను. అమ్మ దూది ఏరుతాంది నాయనా, ఇంగ కొన్నాళ్ళు ఆగితే చాలు అని. నాయన నా తల నిమిరాడు. తన అక్కకు ఏం చెప్పాలో ఆయనకు తెలియలేదనుకుంటాను. అమావాస్య ముందురోజు పొద్దున మేనత్త ఇద్దరు ఆడవాళ్ళను వెంటబెట్టుకుని రానే వచ్చింది. బూబమ్మ గడపలో నిలబడి చెప్పి చూసింది.

"నా మాట ఇనండమ్మా. ఆ బిడ్డ ఇప్పుడిప్పుడే మన పక్కకు జరుగుతాంది. ఇప్పుడు చెయ్యి ఏస్తే మళ్ళా దొరకదు."

మేనత్త దురుసుగా అనలేదు గాని, మా ఇంటి సంగతి మేం చూసుకుంటామని పక్కకు జరిపింది. నాయన గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. అమ్మ చేతిలో ఇంకా దూది ఉంది.

ఆ క్షణంలో నేను చేసింది ఇన్నేళ్ళయినా నన్ను వదల్లేదు. మూడు వారాలు నేర్చుకున్నదంతా ఎక్కడికి పోయిందో. నేను అమ్మ మీద పడి రెండు భుజాలూ పట్టుకుని ఊపేశాను. "మాట్లాడు మా, ఒక్క మాట అను, లేకపోతే నిన్ను పిల్చుకపోతారు, అను" అని ముఖంలో ముఖం పెట్టి అరిచాను. అమ్మ కళ్ళు నా కళ్ళలోకి చూశాయి. పెదవులు కదలబోయాయని ఈ రోజుకీ నా నమ్మకం. నేను ఇంకా గట్టిగా ఊపాను. ఆమె కళ్ళు వెనక్కి పోయాయి. తువ్వాల్లో పిట్ట బిగుసుకున్నట్టే నా చేతుల్లో బిగుసుకుపోయింది. దూది కింద పడింది. తర్వాత వాళ్ళు లేపితే లేచింది, నడిపిస్తే నడిచింది. బస్సెక్కించారు.

మూడు వారాలకు నాయన పోయి తీసుకొచ్చాడు. మణికట్లకు తాడు ఒరుసుకున్న పుండ్లు, కనుబొమ్మ మీద కాలిన మచ్చ. ఎవరు పక్కన నడిచినా చేతులు ముఖానికి అడ్డం పెట్టుకునేది. నాయన ఆమె ముందు కూలబడి ఏడ్చాడు. ఆయన ఏడవడానికి ముందుకు వంగినందుకే ఆమె మూలకు జరిగింది. మేనత్త తర్వాత వచ్చి ఆ పుండ్లు చూసి గుండెలు బాదుకుంది. ఆ తర్వాత ఆమె మా ఇంట్లో ఎవరికీ ఏ సలహా చెప్పలేదు.

బూబమ్మ పరామర్శించలేదు. మరునాడు దూది గంప తెచ్చి నా ముందు పోసింది. "మొదటి నుంచి" అని ఒక్క మాట అంది. అంతే.

ఈసారి రోజులు లెక్కపెట్టలేదు. బడి నుంచి రాగానే అమ్మకు వీపు తిప్పి, ఆమెకు నాలుగు మూరల దూరంలో కూర్చునేదాన్ని. పళ్ళెం పెట్టి వెళ్ళిపోయేదాన్ని. ఆమె తల ఎత్తబోతుందని అనిపిస్తే నేనే ముందు లేచి అవతలికి పోయేదాన్ని. నాయనకు కూడా నేర్పాను. పిల్లలకు చెప్పినంత ఓపిగ్గా ఆ పెద్దమనిషి నా దగ్గర నేర్చుకున్నాడు. కార్తీకం పోయింది, చలి పోయింది. ఈ మధ్యలో చిలక పంజరం దిగి ఇల్లంతా నడిచేది, అమ్మ మోకాలి మీద ఎక్కి కూర్చునేది. అది మాతో ఆరేళ్ళు బతికింది. ఒక్క మాట కూడా నేర్వలేదు, మేమూ అడగలేదు.

శివరాత్రి పోయిన వారమో ఏమో, ఒక సాయంత్రం నేను దూది ఏరుతున్నాను. నా వెనక గొంతు వినపడింది. చాలా రోజులు వాడక బొంగురుపోయిన గొంతు.

"వాడు గట్టు మీద ఉండాడు అనుకుంటి మే. పక్క చెలమలోకి దిగినాడని నాకు తెలీలా. నేను తోడిన ఇసుకంతా ఆ పక్కకే ఏస్తాంటి. ఊట వస్తాంది, నీళ్ళు శానా వస్తాండాయి అని సంతోషపడితి. ఇంగా తవ్వితి. ఇంగా ఏస్తి."

ఇంట్లో ఒక మాట వినపడాలని మేమందరం కోరుకున్నాం. ఆ మాట ఇదని మాకెవరికీ తెలియదు. నెలల తరబడి చెవిలో అరిచి, వస పూసి, పొగ పెట్టి, ఆమె నోట్లో నుంచి లాగాలనుకున్నది దీన్నే. తొమ్మిది నిండి పదిలో పడ్డ పిల్లను, వెనక్కి తిరిగి అమ్మను పట్టుకోవాలని, అట్లా అనొద్దని ఆమె నోరు మూయాలని ఒళ్ళంతా కొట్టుకుంది. తిరగలేదు. నీ తప్పు కాదని కూడా అనలేదు. కళ్ళ నిండా నీళ్ళు, గింజ ఏదో దూది ఏదో కనపడటం లేదు, అయినా ఏరుతూనే ఉన్నాను. ఆమె చెప్పింది. ఆగి, మళ్ళీ మొదటి నుంచి చెప్పింది. మూడుసార్లు చెప్పాక, తమ్ముడు పోయిన తర్వాత మొదటిసారి, పెద్దగా ఏడ్చింది. ఏడుస్తూ తనే ముందుకు వంగి నా వీపు మీద తల ఆనించింది.

అమ్మ ఆ తర్వాత చాలా ఏళ్ళు బతికింది. తక్కువ మాట్లాడేది, మా పిల్లలతో కాస్త ఎక్కువ. ఆ అమావాస్య సంగతి ఒక్కనాడూ ఎత్తలేదు. నేను ఊపకుండా ఉంటే ఆ రోజు పెదవులు విడివడేవా, ఆ తాళ్ళు తప్పేవా అని అడగాలని ఎన్నోసార్లు అనుకున్నాను. అడగలేదు. ఆమె చనిపోయే ముందు వారం కూడా పక్కన కూర్చుని అడగలేదు.

నేను ముప్పై ఏళ్ళు ప్రొద్దుటూరులో బడిపంతులమ్మగా చేశాను. చావు ఇళ్ళకు పోయాను, చెప్పుకోలేని బాధలు మోసుకుని వచ్చిన ఆడపిల్లలను చూశాను. ఓపిక ఎక్కువ అని నన్ను నలుగురూ మెచ్చుకుంటారు. అది ఓపిక కాదు. ఎవరైనా మాట రాక నా ఎదురుగా కూర్చుంటే, నేను ముందు నా రెండు చేతులూ ఒళ్ళోకి తీసుకుని, ఒకదాన్ని ఇంకొకదానితో గట్టిగా పట్టుకుంటాను. అవి ఒకసారి ఏం చేశాయో నాకు తెలుసు.